ఒక్క దెబ్బకు మానలేదు

మేం కూలీలం కలిసి ఉండే రూములో అందరూ నన్ను మొండి మనిషి అంటారు. ఆ మెప్పును ఏళ్లుగా మోస్తున్నాను. సిమెంటు బస్తా అయితే సాయంత్రానికైనా దింపొచ్చు. దీన్ని దింపలేకపోయాను. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెబుతున్నాను.

మస్కట్‌లో నాది ఇనుప కడ్డీలు వంచి కట్టే పని. నడుము దెబ్బతిన్నప్పటి నుంచి సైట్ దగ్గరి క్లినిక్ డాక్టరు గట్టి నొప్పి మాత్రలు రాసేవాడు. ఏళ్ల తరబడి మింగాను. ఆయన సొంత దేశం వెళ్లిపోయాక ఊళ్లోనే బౌషర్ అనే పేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. వీటిని మానాలి, కానీ ఒక్కసారిగా మానితే ఒళ్లు తట్టుకోదు, మెల్లగా తగ్గిద్దాం అంది. తగ్గించిన ప్రతిసారీ చెమటలు, వణుకు, కాళ్లు పీకడం. ఆవిడ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. ఆవిడ కొన్నాళ్లు ఆ మోతాదు దగ్గరే ఆపేది, నడుముకు వ్యాయామం చూపేది, ఒళ్లు కుదుటపడ్డాకే మళ్లీ తగ్గించేది. ఒకసారి ఆవిడ ముందే ఏడ్చాను. నెలలు పట్టింది. మానేశాను.

రూములో మాత్రం ఈ సంగతి చెప్పలేదు, ఒక్క దెబ్బకు మానేశానన్నాను. ఎందుకు? ఏడ్చి గెలిచింది గెలుపు కాదనుకున్నానా?

సాయిలు మా సైట్‌లోనే వడ్రంగి. అతనికి మెడనొప్పి. అవే మాత్రలు, ఆ పాత డాక్టరు రాసినవే. ఒక శుక్రవారం బట్టలు ఉతుక్కుంటూ అడిగాడు.

"అన్నా, నువ్వెట్ల బంద్ జేసినవే?"

"ఒక్కటే దెబ్బకు. డబ్బ తీస్కపోయి చెత్తల వడేసిన."

"డాక్టర్‌ను అడగద్దా?"

"డాక్టరెందుకు తమ్మీ! మొగోడన్నంక పండ్లు బిగవట్టాలె."

సాయిలు నా మాట విన్నాడు. మాత్రలన్నీ పారేశాడు. వాంతులు, వణుకు మొదలైనా నా ముందు చిన్నబోకూడదని డ్యూటీకి వచ్చాడు. పరంజా మీద నుంచి పడ్డాడు. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో ఎండదెబ్బ అనుకున్నారు. అసలు కారణం తెలిసినవాణ్ణి పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఎముక అతికింది కానీ ఆ చేతికి సుత్తి పట్టే బలం రాలేదు, ఇంటికి వెళ్లిపోయాడు. "ఎండకే పడిపోయిండు, సాయిలుకు నీ అంత గుండె లేదన్నా" అని రూములో ఎవరో అంటే తలూపాను. అతను పడిపోవడం కన్నా, నేను తలూపిన ఆ క్షణమే నన్ను ఎక్కువగా కోస్తుంది.

మొన్న సాయిలుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. "సరే అన్నా" అని పెట్టేశాడు. క్షమించాడో లేదో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

ఆ మధ్యాహ్నమే అన్నాల దగ్గర రూములో అందరికీ చెప్పాను. ఒకడు నవ్వాడు. నవ్వనీ. సాయిలు చేయి గుర్తొస్తే ఇప్పటికీ తల వంగిపోతుంది. కానీ మాత్రలు మానిన సంగతికి వస్తే, విచిత్రం, అబద్ధం చెప్పినన్నాళ్లు కలగని గర్వం ఇప్పుడు కలుగుతోంది. నేను ఒంటరిగా మానలేదు. భయపడ్డాను, సాయం అడిగాను, ఏడ్చాను, మళ్లీ వెళ్లాను. నా బతుకులో నేను చేసిన గట్టి పని అదే.