ఉలి మొన మీద రంగు

మొన్న పొద్దున మా మామగారు పోయారు. కడప దగ్గర రాతి గనుల్లో పనిచేసేవాళ్ళకు నేను కబురు పంపలేదు. కొలిమి పొగ కనపడలేదని వాళ్ళే వచ్చేశారు. ఆయన పదును పెట్టిన ఉలి పట్టని చెయ్యి ఆ గనుల్లో లేదు.

మా ఆయన ఆటో తోలుతాడు, కొలిమి జోలికి రాడు. అందుకే పెళ్ళయి వచ్చిన కొత్తలోనే నిప్పుకు గాలి కొట్టే చక్రం తిప్పే పని నాకొచ్చింది. అబ్బ, అక్కడ చూసిన వింత ఇంకెక్కడా చూడలేదు! ఎర్రగా కాలిన లారీ కమాను ముక్కను నీళ్ళలో ముంచితే గాజులా పెళుసవుతుంది. ఇంటి స్లాబుకు వేసే కడ్డీని ఎన్నిసార్లు ముంచినా రాయి కొట్టేంత గట్టిపడదు. ఎందుకు మామా అంటే, "ఉక్కులో కార్బన్ ఉండల్లమ్మా. రవ్వంత చాలు. అది లేకుంటే ఎంత కాల్చినా ఏం లాభం?" అనేవారు.

అసలు విద్య ఆ తర్వాత ఉంది. మొన వరకే ముంచి తీసి, గరుకు రాయితో రుద్ది మెరిపించేవారు. వెనక మిగిలిన వేడి మెల్లగా మొనవైపు పాకేది. దాంతోపాటే రంగులు నడిచొచ్చేవి. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. మొనకు పసుపు చేరగానే ఉలి మొత్తం నీళ్ళలోకి పోవాలి. ముందే ముంచితే విరుగుతుంది, నీలం దాకా ఆగితే మెత్తబడి రాతి మీద వంగుతుంది. ఎవరూ పూయకుండా ఉక్కు మీద రంగు పుడుతుంటే నా చెయ్యి చక్రం మీదే ఆగిపోయేది. "తిప్పమ్మా, సినిమా చూస్తాండావా?" అని కసిరేవారు.

ఆ మధ్య ఉలులు విరగడం మొదలైంది. "ఏమప్పా, రాయికి ఆనిస్తానే ఇరిగిపాయ" అని రాళ్ళు కొట్టే ఒకాయన ముక్కలు తెచ్చి ముందు పెట్టాడు. "ఇప్పుడొచ్చే ఉక్కే అట్లుండాది" అన్నారు మామ. తర్వాత ఇంకో ఉలి విరిగి, ముక్క ఎగిరి అదే మనిషి కనుబొమ్మ చీల్చింది. ఆ రోజు మామ కొలిమి ఆర్పేసి, "ఇంగ నాతో కాదమ్మా" అన్నారు. కొలిమి లేకుంటే ఆయన బతకరని నాకు తెలుసు.

ఆ వారమే ఆయనకు కొత్త పంచ తెచ్చాను. మడత విప్పి, "పాతది తెచ్చినావేమ్మా, పసుపెక్కి ఉండాదే" అన్నారు. తెల్లటి పంచ! అప్పుడు వెలిగింది నాకు. కళ్ళలో శుక్లాలు ముదిరి తెల్లదంతా పసుపుగా కనిపిస్తోంది. ఉక్కు మీద రంగు రాకముందే వచ్చిందనుకుని ముంచేస్తున్నారు.

"తప్పు ఉక్కుది కాదు మామా, కంటిది" అన్నాను. నా మీద కళ్ళెర్రజేశారు. కాసేపు విరిగిన ముక్కల కేసి చూశారు. "పదమ్మా, యాడికి పోవల్లో" అన్నారు.

కడపలో ఆపరేషన్లయ్యాయి. డాక్టరు సరేనన్న రోజే కొలిమి వెలిగించారు. కనుబొమ్మ చీలిన ఆయనే వచ్చి తన ఉలి చేతికిచ్చి కూర్చున్నాడు. ఆ మనిషికి ఎంత నమ్మకమో! మామ మొన ముంచి తీసి, రుద్దారు. పసుపు బయల్దేరి మొనకు చేరింది. ఆయన ముంచలేదు.

"మామా!" అన్నాను. వినిపించుకోలేదు. గోధుమ దాటింది, ఊదా దాటింది.

"నీలమమ్మా... ఎన్ని దినాలాయ ఇది సూసి! ఎంత నీలముండాదో సూడు" అన్నారు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తన ఉలి పాడైందని తెలిసీ ఆ రాతిపనాయన, "మళ్ళా కాల్చుకుందాంలే అప్పా, సూసుకో" అన్నాడు. పట్టుకారు చివర నీలం మొన అంచు దాకా వచ్చి నిలిచింది. మేం ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం.