గర్వంగా చుట్టిన మూడు సున్నాలు

2022 వేసవి. నర్సింగ్ డిగ్రీ పూర్తిచేసి, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎముకలు విరిగినవాళ్లుండే ఆర్థో వార్డులో పనిచేస్తున్నాను. మిలటరీ నర్సింగ్ రాతపరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూ లెటరు హ్యాండ్‌బ్యాగులోనే తిరుగుతోంది. వెళ్లాలో వద్దో తేలడం లేదు.

"ఆ యూనిఫాం చూసి మురిసిపోతున్నావే. అక్కడి పని గురించి ఏం తెలుసు నీకు?" అనేది అమ్మ. ఒళ్లు మండేది, నిజం కాబట్టి.

ఆ వారమే గుడివాడ వైపు నుంచి ఒక రిటైర్డు ఆర్మీ హవల్దారు గారిని తెచ్చారు. కాలవ గట్టు మీద బండి జారి, మోకాలి కింద ఎముక విరిగింది. సిమెంటు కట్టు వేసి పడుకోబెట్టారు. ఇలాంటివాళ్లకు మేం గంటగంటకూ పెయిన్ స్కోర్ రాయాలి. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా పేషెంటే చెబుతారు.

"ఎంతుందండీ?"

"ఏం లేదమ్మా. సున్నా ఏసుకో."

మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే మాట. పక్క మంచం ఆయన వేలు చిట్లినందుకే వార్డు కప్పు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. సైనికుడంటే ఇలా ఉండాలి అనుకుని, గర్వంగా మూడు సున్నాలు చుట్టాను.

మా ఇన్‌ఛార్జి సిస్టరు రౌండుకొచ్చారు. ఛార్టు చూశారు, నాడి చూశారు, ఆయన కాలి బొటనవేలు మెల్లగా వంచారు. ఆయన కిక్కురుమనలేదు. మంచం కడ్డీ పట్టుకున్న పిడికిలి మాత్రం తెల్లగా పాలిపోయింది.

"ఇది సున్నానా అమ్మాయ్?" అంటూనే ఆవిడ డాక్టరుకు ఫోన్ చేశారు.

లోపల వాపు పెరిగి కండకు రక్తం అందడం లేదు. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. గంటల్లో కాలు పోతుంది. అప్పటికప్పుడు ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్లి, కోసి ఒత్తిడి తగ్గించారు. కాలు దక్కింది.

నా యూనిఫాం మోజు ఆ పూటతో దిగిపోయింది. మర్నాడు ఆయన మంచం దగ్గర నిలబడి ఏడ్చేశాను.

"నా వల్ల మీ కాలు పోయేదండీ. మిలటరీ నర్సింగ్ ఇంటర్వ్యూకి లెటరొచ్చింది, చించేస్తాను. మిలటరీకి నేను పనికిరాను."

ఆయన నన్ను పక్కనున్న స్టూలు మీద కూర్చోమన్నారు.

"తప్పు నాది కూడానమ్మా. మనం అరిస్తే పక్కోడు బెదురుతాడని నోరు కట్టేసుకోడం అలవాటైపోయింది. అక్కడున్నోళ్లంతా నాలాటోళ్లే, అడిగితే సున్నా అనే చెప్తారు. మొన్న ఎల్లుంటే నమ్మేసేదానివి. ఇప్పుడు నమ్మవుగా?"

వెళ్లాను. ఎందుకు చేరాలనుకుంటున్నావని ఇంటర్వ్యూలో అడిగారు. దేశసేవ గురించి బట్టీపట్టిన జవాబు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, మూడు సున్నాల సంగతి చెప్పాను.

ఇప్పుడు ఆర్మీ ఆసుపత్రిలో భుజం మీద నక్షత్రాలతో తిరుగుతున్నాను. ఫొటో చూసి మురిసిపోవడం అమ్మ వంతైంది. కాలు విరిగిన జవాన్లు కూడా 'జీరో' అంటూనే ఉంటారు. నేను పెన్ను జేబులో పెట్టి, దుప్పటి తీసి, ముందు కాలివేళ్లు వంచి చూస్తాను. రాయడం ఆ తర్వాతే.