లెక్కలోకి రాని కళ్ళు

తాతకు లోకమంతా ప్రూఫు కాగితమే. పాల ప్యాకెట్టు మీద రాతనూ వదలడు, మందుసీసా మీద చీటీనీ వదలడు. "పెళ్ళికి ముందు నేను ఉత్తరం రాస్తే జవాబు రాయలేదు, తప్పులు దిద్ది పంపాడు," అని అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దుతూ ఎర్రకలం పట్టిన ఆ చేతుల్లోంచి పోయిన నెల ఒక తప్పు జారిపోయింది. వంటల పుస్తకంలో చెంచాడు ఉప్పు కప్పుడు ఉప్పయి కూర్చుంది.

"కళ్ళు మందగించాయేమో పెద్దాయనా," అన్నాడు యజమాని. "బాగున్నాయని ఎక్కడైనా రాయించుకు రండి. లేదంటే ఇంటిపట్టున ఉండండి."

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే సరిపోయేది. కానీ తాతకు అది నామోషీ. చదివేటప్పుడు కళ్ళు ఎలా కదులుతాయో కంప్యూటరుకు నేర్పే పరిశోధనశాల ఒకటుందని పేపర్లో చూసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నేరుగా అక్కడికే వెళ్ళాడు.

అక్కడి అమ్మాయి ఆయన తల కదలకుండా గడ్డాన్ని చిన్న పీట మీద ఆనించింది. ఎదురుగా తెర, దాని కింద కెమెరా.

"కళ్ళు సాఫీగా జారవు తాతగారూ. ఒక మాట మీద ఆగి, గెంతుతాయి. కొన్ని మాటల్ని వదిలేస్తాయి కూడా. ఎక్కడ ఆగుతాయో మా కంప్యూటరు ముందే చెప్పేస్తుంది."

"నా కళ్ళు ఏదీ వదలవమ్మా."

"మామూలుగా చదవండి చాలు."

"నాకిదే మామూలు."

వంద వాక్యాలు. తాత ప్రతి మాట మీదా ఆగాడు, చూపును వెనక్కి నడిపాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. కంప్యూటరు 'ముందుకు' అంటే తాత చూపు వెనక్కి. లేచి వస్తూ, "నలభై ఒకటో వాక్యంలో ఒక మాట రెండుసార్లు పడింది, చూసుకో," అన్నాడు.

"అరవై మంది చదివారు, ఒక్కరూ చెప్పలేదే!" అని ఆ అమ్మాయి నోరెళ్ళబెట్టింది. తాత ఇంటిదాకా నేల మీద నడవలేదు.

వారం తిరిగేసరికి, తాత అడిగిన ఉత్తరం పరిశోధనశాల నుంచి అచ్చాఫీసుకే వచ్చింది. యజమాని అందరూ వినేలా చదివాడు: "వీరి కంటి కదలికలు మామూలు పాఠకులతో సరిపోలలేదు. అందుచేత వీరిని లెక్కలోంచి తొలగించాం."

కాగితం తాత ముందుకు తోశాడు. "నేను అనలేదు పెద్దాయనా, వాళ్ళే అన్నారు. రేపట్నుంచి రాకండి."

తాత చూశాడు. ఉత్తరంలో 'తొలగించాం' రెండుసార్లు పడింది. యజమాని ఒక్కసారే చదివాడు.

చెయ్యి జేబులోని ఎర్రకలం మీదికి వెళ్ళింది. మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. కాగితం మడిచి బల్లమీద వదిలి వచ్చేశాడు.

ఇప్పుడు పాల ప్యాకెట్టు చదవకుండానే చింపుతున్నాడు.