ఆపా చెప్పగా కలిపిన నెట్

ముసురు పట్టిన రోజుల్లో పాత కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి దుమ్ము వేడెక్కి ఒక వాసన వస్తుంది. మాడిన గుడ్డ వాసనలాంటిది. సిద్దిపేటలో నేను నడిపే ఈ చిన్న నెట్ సెంటర్‌లో పొద్దున్నే ఆ వాసన తగిలితే, తెర వెలిగేలోపే షాహిదా ఆపా గుర్తుకొస్తుంది. ఈ గది ఆమె కిరాయికి తీసుకున్నది. ఈ యంత్రం ఆమెది. నడివయసు దాటిన నాచేత అక్షరాలు దిద్దించింది కూడా ఆమే.

నేను బీడీలు చుట్టే మనిషిని. పొద్దున్నే వచ్చి ఆపా దుకాణం ఊడ్చి, మంచినీళ్లు పట్టి, ఇంటికి పోయి చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి పింఛను దరఖాస్తు మీద వేలిముద్ర వేద్దామని ఇంకు డబ్బా అడిగాను. ఆమె దాన్ని సొరుగులో పెట్టి మూసేసింది.

“ఈ దుకాణంల వేలిముద్రలు నడువయి రాజవ్వా. పేరు రాసి తీస్కపో.”

“నాకు రాయొస్తే నీ దగ్గర చీపురెందుకు పడ్త ఆపా?”

“ఎందుకు, చీపురు పట్టేటోళ్లకు పేరుండదా?”

కోపంతో ఇంటికి పోయాను. మర్నాడు ఊడ్వడం అయ్యాక ఆమె నా చేతికి సుద్దముక్క ఇచ్చి, నేల మీద ‘రా’ రాసి చూపించింది. అట్లా మొదలైంది. ఇంట్లో పలకా పుస్తకం పెట్టుకుంటే కోడళ్లు నవ్వుతారని, బీడీల కోసం తునికాకు కత్తిరించినప్పుడు మిగిలే ముక్కల మీద కత్తెర మొనతో గీసేదాన్ని. సాయంత్రం ఆ ముక్కలు పొయ్యిలో పడేవి. నేను నేర్చుకున్న అచ్చులూ హల్లులూ చాలావరకు అన్నం కిందే కాలిపోయాయి. ఒక ఏడాది గడిచేసరికి బస్సు బోర్డు చదవగలిగాను. మరో ఏడాదికి, తడబడుతూనైనా పేపరు చదివాను.

నేను చదవడం నేర్చుకుంటున్న ఆ రోజుల్లోనే ఆపా చూపు పోతూ వచ్చింది. షుగరు. కుడి కన్ను ముందే పోయింది. ఎడమ కంటితో భూతద్దం పెట్టి నెట్టుకొచ్చేది. దరఖాస్తు నింపించుకునేవాళ్లకు తెలియనిచ్చేది కాదు. కాగితం నాకిచ్చి, “రాజవ్వా, చదువు, నీకు అలవాటు గావాలె,” అనేది. ఆపా నాకు పాఠం చెబుతోందని వాళ్లు అనుకునేవాళ్లు.

ఆ మధ్యలోనే కంప్యూటర్‌కు వైరస్ పట్టి విండోస్ చెడిపోయింది. పాత యంత్రం, కొత్త విండోస్‌ను మోయలేదన్నారు. ఆపా ఎవరినో అడిగి, దాని బదులు లినక్స్ అనేదాన్ని పెన్‌డ్రైవ్‌లో తెప్పించి, భూతద్దంతో కష్టపడి తానే ఎక్కించింది. ఇక నెట్ కలపడం ఒక్కటే మిగిలింది. అది మిగిలి ఉండగానే ఒక పొద్దున ఎడమ కంట్లో నెత్తురు దిగింది. ఎదురుగా ఉన్న నన్ను గొంతుతోనే గుర్తుపట్టింది.

ఇక్కడి దవాఖానలో కంటికి తీసిన స్కాన్‌ను సీడీలో పెట్టి ఇచ్చారు. హైదరాబాద్‌లోని కంటి డాక్టరమ్మ ఫోన్‌లో, “ముందు ఆ ఫోటోలన్నీ పంపండి, ఆపరేషన్‌తో ఫలితం ఉంటుందో లేదో చూసి రమ్మంటాను, ఆలస్యం చేయకండి,” అంది. పక్క వీధిలో ఇంకో సెంటర్ ఉంది. అక్కడికి పోదామన్నాను.

“వద్దు. ఇయ్యాల గాడికి పోతే రేపు ఊరంత తెలుస్తది. గుడ్డిదానితోని ఎవరు ఫారాలు నింపించుకుంటరు? నువ్వు కూసో.”

“నేనా?”

“మరి నేను కూసుంటనా? నేను చెప్త, నువ్వు కొట్టు.”

వైఫై డబ్బా పైన ఇంటివాళ్ల దగ్గర ఉంది. దాని పేరు మా తెర మీదికి రావాలి, రావడం లేదు. వైఫై అందుకోవడానికి యంత్రానికి డ్రైవర్ అనే ప్రోగ్రాం కావాలని, దాన్ని దించుకోవాలంటే మళ్లీ నెట్టే కావాలని ఆపా చెప్పింది. నాకు తల తిరిగింది. అప్పుడామె ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు తగిలించమంది. ఫోన్‌లో ఉన్న కొద్దిపాటి నెట్ అన్ని ఫోటోలకు చాలదు గానీ, డ్రైవర్‌కు చాలుతుంది. ఇంగ్లిషు అక్షరాలు నాకు మీటల మీద ఉండే జాగాను బట్టే తెలుసు. డ్రైవర్‌ను దించే ఆదేశాన్ని ఆమె ఒక్కో అక్షరంగా పలికితే, వెతుక్కుంటూ నొక్కాను.

చివరికి యంత్రం పాస్‌వర్డ్ అడిగింది. ఆపా చెప్పింది. నొక్కాను. తెర మీద ఏమీ పడలేదు. మళ్లీ నొక్కాను. తునికాకు మీద గీత పడకపోతే మొన అదిమి గీసే అలవాటు నాది. రాసింది కనబడలేదంటే రాయనట్టే నా లెక్క. అందుకని అక్షరం కనబడుతుందేమోనని ఒక్కో మీటనూ పదేపదే అదిమాను. తప్పు అంటూ యంత్రం మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది.

“ఆగాగు,” అంది ఆపా. “నా పాస్‌వర్డ్‌ల గిన్ని టకటకలు లేవు. ఏం జేస్తున్నవే?”

“ఒక్క అక్షరం పడ్తలేదాపా. మీటలు ఖరాబైనయి.”

ఆపా పగలబడి నవ్వింది. “పక్కోళ్లు చూడొద్దని అది చూపియ్యదే పిచ్చిదానా! నువ్వు నొక్కినవ్, అది తీసుకుంది. ఒక్కొక్కసారే నొక్కు. తాగిపడేసిన బీడీని తొక్కినట్టు తొక్కకు.”

ఆమె అంత గట్టిగా నవ్వడం ఆ తర్వాత నేను వినలేదు.

డ్రైవర్ దిగాక ఇంటివాళ్ల వైఫై పేరు తెర మీదికి వచ్చినప్పుడు, ఒక్కో ఇంగ్లిషు అక్షరం పలుకుతూ నేనే పైకి చదివాను. సాయంత్రానికి ఫోటోలన్నీ వెళ్లిపోయాయి. ఆమె గోడకు ఆనుకుని, “మంచిగ చేసినవు,” అంది. కన్ను దక్కుతుందనే అనుకున్నాను. పని సరిగ్గా చేస్తే ఫలితం కూడా సరిగ్గా వస్తుందని అప్పట్లో నా నమ్మకం.

మర్నాడు జవాబు వచ్చింది. డాక్టరమ్మ తెలుగులోనే రాసింది. నేను ముందు మనసులో చదువుకున్నాను. పక్కన ఆపా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“వచ్చిందా?”

“వచ్చింది. ఇంకొన్ని దినాలు చూద్దామంటున్నది...”

“రాజవ్వా. నీకు చదువు చెప్పింది నేను. నువ్వు చదువుతున్నవా, నోటికొచ్చింది చెప్తున్నవా, నాకు తెల్వదా? అక్షరం మీద వేలు పెట్టి చదువు.”

వేలు పెట్టాను. “ఆపరేషన్ చేసినా... దు... దుష్టి...”

“దృష్టి,” అంది ఆపా.

“దృష్టి తిరిగి వచ్చే అవకాశం లేదు. నరం పూర్తిగా దెబ్బతిన్నది. ఇంత దూరం ప్రయాణం చేసి ఇబ్బంది పడవద్దు.”

“మళ్లోసారి చదువు.”

మళ్లీ చదివాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. బయట ఎవరో ఆధార్ ప్రింటు కావాలని పిలిచారు. “పో, తీసియ్యి,” అంది. లోపల కూర్చునే ఉంది. నేను తీసి ఇచ్చాను.

ఊరికి తెలిసింది. ఆమె భయపడ్డట్టే సగం మంది రావడం మానేశారు. ఆమె పక్కన కూర్చుని చెప్పేది, నేను కొట్టేదాన్ని. తర్వాత కిడ్నీలు కూడా పోయాయి. దవాఖానలో చివరి రోజుల్లో ఏ రిపోర్టు వచ్చినా నర్సును చదవనివ్వలేదు. నన్నే పిలిపించేది. అన్నీ చదివాను. ఆఖరిది కూడా.

మొన్న మిరుదొడ్డి నుంచి ఒకామె తన భర్త పరీక్షల కాగితం తెచ్చింది. డాక్టరు చెప్పింది తలకెక్కలేదట. నా చేతికిచ్చి, నేను చూడకముందే, “మంచిగనే ఉన్నదని చెప్పక్కా, నీ కాళ్లు మొక్కుత,” అంది. కాగితం మంచిగా లేదు. నేను కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను. ఆమె కూడా చూసేలా మొదటి మాట మీద వేలు పెట్టాను. చదవడం మొదలుపెట్టాను.