బస్సు దగ్గర ఒకరుండాలి

నేను రిటైరైన మూడో నెలలో ఒక మంగళవారం పొద్దున నేనూ మా ఆయనా సూర్యాపేట బస్టాండులో హైదరాబాదు బస్సెక్కాం. మ్యూజియం చూసి, పార్కులో కూర్చుని తెచ్చుకున్నది తిని, పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాలి. ఈ ఆలోచన నాదే. ఆయన నాకంటే నాలుగేళ్ళు ముందే రిటైరయ్యాడు. మిర్యాలగూడ డిపోలో ముప్పై ఏళ్ళకు పైగా బస్సు నడిపినవాడు. ఊళ్ళు తిరగాలన్న సరదా ఆయనకు పెద్దగా మిగల్లేదు.

"మ్యూజియం నువ్వు సూసిందే గద. మళ్ళెందుకు? ఒట్టిగ పార్కుకు పోదాం" అన్నాడు ముందు రోజు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

"నువ్వు సూడలే గద" అన్నాను.

ఆయన కాలర్ మీద ఇస్త్రీపెట్టె ఇంకోసారి నడిపాడు.

బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. లారీని దాటేటప్పుడల్లా ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది. నేను నవ్వితే, "అలవాటు" అని కాలు వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి మళ్ళీ తొక్కాడు. నేను నవ్వానే గాని నా మనసు అక్కడ లేదు. ఆ మ్యూజియానికి ఆయనను తీసుకుపోవాలని నేనెందుకు పట్టుబట్టానో చెప్పాలంటే కోదాడ బడి సంగతి చెప్పాలి.

నేను బీఈడీ చదివింది పెళ్ళయిన తర్వాతే. నల్లగొండలో పరీక్షలు రాస్తుంటే, హాలు బయట వేపచెట్టు కింద పాలసీసా పట్టుకుని బిడ్డను ఎత్తుకుని నిలబడ్డది ఆయనే. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, కొన్నేళ్ళకు కోదాడకు బదిలీ అయింది. ఇల్లు సూర్యాపేటలోనే ఉంచుకున్నాం. పొద్దున లేస్తే ఆయన మిర్యాలగూడ దిక్కు, నేను కోదాడ దిక్కు.

కోదాడ బడిలో చేరిన మొదటి రోజు స్టాఫ్‌రూములో ఒక టీచరమ్మ అడిగింది, "మీవారేం చేస్తారండీ?"

ఆమె భర్త జూనియర్ కాలేజీలో లెక్చరరు. ఇంకొకామె భర్త ఇంజనీరు. మరొకామె వాళ్ళకు రైసుమిల్లు ఉంది. నేను ఆ సంగతులన్నీ అప్పుడే విని కూర్చున్నాను.

"మిర్యాలగూడ డిపోలో" అన్నాను.

"ఆఫీసులోనాండీ?"

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. బ్యాగులోంచి చాక్‌పీసు డబ్బా తీసి వెతుకుతున్నట్టు చేశాను. ఆ రోజు నుంచి ఆ బడిలో మా ఆయన ఆఫీసరు.

ఆ చలికాలం పిల్లలను హైదరాబాదు తీసుకుపోవాలని మా హెడ్మాస్టరు మిర్యాలగూడ డిపోకు ఉత్తరం పెట్టి బస్సు అడిగాడు. రెండు రోజుల ముందు మా ఆయన సంబరంగా ఇంటికొచ్చాడు. క్షవరం చేయించుకుని వచ్చాడు కూడా.

"మీ బడి పిల్లల బస్సు నాకే పడ్డది. అడిగి ఏయించుకున్న" అన్నాడు. "నువ్వు పిల్లలకు పాఠం చెప్తుంటే ఎన్నడు సూడలే నేను."

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తల ఎత్తకుండానే అన్నాను. "జర ఒక మాట. బడోళ్ళ ముందట నన్ను మేడం అను. అందరుంటరు గద."

ఆయన "సరే" అన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేను సిద్ధం చేసుకుని ఉన్నాను. బస్సులో క్రమశిక్షణ అనో, పిల్లలు అల్లరి చేస్తారనో. అవేవీ అవసరం పడలేదు.

ఆ రోజు తెల్లవారకముందే మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా ఖాళీ బస్సు తెచ్చి మా బడి ముందు ఆపాడు. ఖాకీ చొక్కాకు గంజి పెట్టి ఉంది. ఆ గంజి పెట్టింది నేనే. పిల్లలను ఎక్కిస్తూ ఆయన పక్కనుంచి నాలుగుసార్లు పోయాను. ఒక్కసారీ కళ్ళు కలపలేదు. మునగాల దగ్గర హోటల్ ముందు టీకి ఆగాం. టీచర్లందరం ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆయన బస్సు ముందర ఒక్కడే నిలబడి తాగాడు.

"ఏయ్ డ్రైవరూ, ఎన్నింటికి చేరుస్తావ్?" అని మాలో ఒక సారు కూర్చున్న చోటునుంచే అరిచాడు.

"పది అయితది సార్."

నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

మ్యూజియం గేటు దగ్గర పిల్లలను వరుసలో నిలబెట్టాం. టికెట్లు తెచ్చిన టీచరమ్మ, మొదటి రోజు నన్నడిగిన ఆమే, లెక్క చూసి అంది. "ఒక మేడం రాలేదు కదండీ, టికెట్టు మిగిలింది. పాపం ఆ డ్రైవర్ గారినీ రమ్మందామా? ఒక్కరే ఏం కూర్చుంటారు?"

ఆయన మాకు నాలుగడుగుల దూరంలో బస్సు అద్దం తుడుస్తున్నాడు.

"వద్దులెండి" అన్నాను. "పిల్లల సామానుంది. బస్సు దగ్గర ఒకరుండాలి కదా."

నా గొంతు వణకలేదు. అదే నాకిప్పటికీ ఆశ్చర్యం. ఆ మాట అని, పిల్లలను రెండేసి వరుసగా నడిపించుకుంటూ లోపలికి పోయాను. మూడు గంటలసేపు ఏనుగుదంతం కుర్చీల గురించి, కత్తుల గురించి, గడియారాల గురించి చక్కగా చెప్పాను. పిల్లలు చెవులప్పగించి విన్నారు.

మధ్యాహ్నం పార్కులో అన్నాలు. పులిహోర నేను వండిందే, ఆయనకు ఇష్టమని పల్లీలు ఎక్కువ వేశాను. అందరికీ వడ్డించాక గిన్నె పట్టుకుని బస్సు దగ్గరికి పోయాను. ఆయన కాగితం ప్లేటు చాచాడు. వెనక టీచర్లున్నారు. తల దించుకునే రెండు గరిటెలు వేశాను.

"చాలు మేడం" అన్నాడు.

ఇంటికొచ్చాక దాని గురించి మేం మాట్లాడుకోలేదు. "మీ పిల్లలు మంచిగున్నరు" అన్నాడు. అంతే. రెండేళ్ళకు నాకు సూర్యాపేట బదిలీ అయింది. ఇక్కడ ఆయనను ఎరగనివాళ్ళు లేరు, దాచడానికి ఏమీ లేదు. ఆ సంగతి అయిపోయిందనే అనుకున్నాను. కాని ప్రతి చలికాలం పిల్లలను తీసుకుని ఎక్కడికి పోయినా, ముందు ఆ బస్సు డ్రైవరుకు టీ ఇప్పించి గాని నేను తాగేదాన్ని కాదు. అది మంచితనమని తోటి టీచర్లు మెచ్చుకునేవాళ్ళు.

ఆ మంగళవారం మ్యూజియం దగ్గర ఆటో దిగగానే ఆయన ముందు నడిచాడు.

"సంచి ఆ కిటికీ కాడ ఇయ్యాలె, లోపటికి రానియ్యరు" అన్నాడు. సంచి ఇచ్చి బిళ్ళ తీసుకున్నాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, "మెల్లగ రా. ఈడ మెట్టు జర ఎత్తుంటది" అన్నాడు. లోపల వరండా మలుపులో, "ముందు గడియారం కాడికి పోదాం. పన్నెండు కొట్టేటప్పుడు గుంపైతది, జాగ దొరకదు" అన్నాడు.

నేను ఆగిపోయాను. "నీకెట్ల తెలుసు?"

దొరికిపోయినవాడిలా నవ్వాడు. "వచ్చిన గద. నాలుగైదుసార్లు."

"ఎప్పుడు?"

"బడిపిల్లల బస్సులు తర్వాత చానసార్లు నాకే ఏసిండ్రు. హుజూర్‌నగర్ బడోళ్ళు, చివ్వెంల బడోళ్ళు. ఆ సారోళ్ళు రమ్మనేటోళ్ళు. డ్రైవరన్నా, ఒక్కనివి ఏం కూసుంటవ్, దా అని."

"మరి బస్సు?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"డోర్లు పెడితే ఏమైతది? పార్కింగ్ కాడ వాచ్‌మన్ ఉంటడు గద" అన్నాడు మామూలుగా. అన్నాక నా మొహం చూశాడు. చూసి, వెంటనే, "అప్పుడు మీతోని వచ్చినప్పుడు సామాను చాన ఉండె తియ్" అని కలిపాడు.

అద్దాల పెట్టెలో ఏవో పింగాణీ పళ్ళేలు. వాటినే చూస్తున్నట్టు నిలబడ్డాను. ముక్కూ మొహం తెలియని బడివాళ్ళు ఆయనను పిలిచి లోపలికి తెచ్చారు. నేను గేటు బయట ఉంచాను.

"నాకెందుకు చెప్పలే ఇన్నేండ్లు?"

"చెప్తే నువ్వు ఆ దినం యాది చేసుకుంటవని."

గడియారం ముందు బెంచీల మీద కూర్చున్నాం. మా పక్కన ఏదో బడి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. ముందు వరుసలో ఒక పిల్ల బెంచీ ఎక్కబోతే, "దిగు బిడ్డా, పడతవ్" అన్నాను. వాళ్ళ టీచరు, ఇరవై ఐదేళ్ళుంటాయేమో, నన్ను చూసి నవ్వింది.

"మీరు టీచరా మేడం? ఆ గొంతు చెప్తది."

"అవునమ్మా, రిటైరైన."

"సారు గూడ టీచరేనా?"

ఈ ప్రశ్న కోసం నేను ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నానో. జవాబు నా నాలుక మీదే ఉంది. కాని ఆయన ముందే అనేశాడు, "కాదమ్మా, నేను బస్సు డ్రైవర్ను."

గబుక్కున అన్నాడు, చిన్నపిల్ల పడబోతే చెయ్యి అడ్డం పెట్టినట్టు. నేను అబద్ధం ఆడే అవసరం రాకుండా నన్ను కాపాడాడు. ఇన్నేళ్ళూ అలాగే కాపాడుతూ వచ్చాడేమో, నేను చూడలేదు. నేను ఒక్క క్షణం ఆలస్యం చేశానని నాకు తెలుసు. అది వయసు మీదపడి వచ్చిన ఆలస్యమో, పాత అలవాటో, ఇప్పటికీ నాకు తేలలేదు.

"మా నాయన గూడ లారీ తోలుతడు సార్" అంది ఆ టీచరు, తన ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా. తర్వాత వాళ్ళిద్దరూ లారీల గురించి, నిద్ర ఆపుకోవడం గురించి మాట్లాడుకున్నారు. గడియారంలోని బొమ్మ మనిషి బయటకు వచ్చి గంట కొట్టాడు. పిల్లలందరూ గట్టిగా లెక్కపెట్టారు. నాకు పన్నెండూ వినపడలేదు.

పార్కులో చెట్టు కింద బెంచీ దొరికింది. చపాతీలు, దొండకాయ వేపుడు విప్పాను. ఆయన తినడం మొదలుపెట్టాక అన్నాను.

"ఆ దినం బస్సు కాడ ఒకరుండాలె అన్న గద. నీకు ఇనపడ్డదా?"

"ఇప్పుడెందుకే అవన్ని?"

"చెప్పు."

"ఇనపడ్డది."

"నేను బడిల నువ్వు డ్రైవరని చెప్పలే. ఆఫీసుల చేస్తవని అనుకుంటుంటే అనుకోనిచ్చిన."

"అది గూడ తెలుసు. ఆ దినం మీ సార్లే మాట్లాడుకుంటుండ్రి, ఈ మేడమోళ్ళ ఆయన డిపోల పెద్ద ఆఫీసరంట, మంచి బస్సు ఇయ్యకపాయె అని." నవ్వబోయాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు.

"కోపం రాలేదా నీకు?"

ఆయన చపాతీ ముక్క తుంచి, తినకుండా పట్టుకున్నాడు. ఎదురుగా ఒక ముసలాయన మనవరాలికి చెప్పులు తొడుగుతున్నాడు. అటే చూస్తూ అన్నాడు.

"కోపమని కాదు. మేడం అనుమన్నవు, అన్న. అది నాకు ఆట లెక్కనే ఉండె. గని అన్నం పెట్టేటప్పుడు పిల్లలందరి మొకం సూసి, ఇంకింత కావాల్నా అని అడిగి పెట్టినవు. నా కాడికొచ్చి మొకం సూడలే. గది ఒక్కటే జర..." అని ఆపేశాడు.

"తప్పయింది" అన్నాను. ఆ మాట కోసం ఇంత దూరం వచ్చాను. అది రెండు క్షణాల్లో అయిపోయింది.

"సరే తియ్. తిను, సల్లారుతయి" అన్నాడు. అవి పొద్దున్నే చల్లారిపోయాయి.

తిరుగు ప్రయాణంలో ఆయన నా భుజం మీద తల ఆనించి నిద్రపోయాడు. బస్సులో ఆయన నిద్రపోవడం నేను అంతవరకు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు మిర్యాలగూడలో ఉన్న మా బిడ్డకు ఫోను చేసి మొత్తం చెప్పాను. అది బ్యాంకులో పనిచేస్తుంది. అన్నీ దాచకుండా చెప్తే గుండె తేలికపడుతుందని నా ఆశ.

"అమ్మా, నేను గూడ ఒకటి చెప్పాల్నా?" అంది. "నల్లగొండల ఇంటర్ల చేరినప్పుడు ఫారం మీద నాన్న ఏం చేస్తడో రాసే కాడ ప్రభుత్వ ఉద్యోగి అని రాసిన. దోస్తులకు గూడ గదే చెప్పిన. ఎన్నడన్న నాన్న బస్సే వస్తే, ముందు డోరు కాడికి పోకుండ ఎనక నుంచి దిగేదాన్ని. నాన్న అద్దంల సూసేటోడు."

"నీకెవరు చెప్పిండ్రే అట్ల చెయ్యమని?"

"ఎవరు చెప్తరు? నువ్వు ఎవరితోనన్న నాన్న గురించి చెప్పేటప్పుడు డ్రైవర్ అన్న మాట ఎన్నడన్న అన్నవా? అది మంచి మాట కాదేమో అనుకున్న."

అది ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. తప్పు నీది కాదు అన్నాను. అది నిజమే. నిజమైనా, పదహారేళ్ళ పిల్ల అద్దంలో తండ్రి కళ్ళను తప్పించుకుని దిగిపోవడం నా కళ్ళ ముందునుంచి పోలేదు.

ఆదివారం బిడ్డ వచ్చింది. వాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను వంటింట్లోంచి కదల్లేదు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మధ్యలో ఒకసారి ఆయన నవ్వు వినపడింది, తర్వాత బిడ్డ ముక్కు చీదుకోవడం వినపడింది. సాయంత్రం దాన్ని బస్సెక్కించి వచ్చి, చెప్పులు విప్పుతూ ఆయన అన్నాడు.

"నా కాడ చెప్పుకున్నవు, అయిపోయింది. దానికెందుకు చెప్పినవ్? ఒట్టిగ పిల్లను ఏడిపిచ్చినవ్."

ఆయన గొంతులో కోపం ఉంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మీద ఆయన నాతో కోపంగా మాట్లాడింది అదొక్కసారే. అదీ తన కోసం కాదు. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, "చాయ్ పెట్టు" అన్నాడు. పెట్టి తెచ్చాను. ఇచ్చేటప్పుడు ఆయన మొహంలోకి చూడబోయాను. ఆయన అప్పటికే పేపరు తెరిచి మొహానికి అడ్డంగా పట్టుకుని ఉన్నాడు.