గుంట దగ్గర నేనన్న మాట

ముందు పోయినవన్నీ చెబుతాను. అరవై తట్టల పట్టుపురుగులు. రేపో ఎల్లుండో గూడు కట్టాల్సిన ఒక పంట. ఒక కోడలికి అత్తింట్లో ఉన్న పేరు. ఆమె తండ్రి వియ్యంకుడి ఇంటికి తలెత్తుకుని వచ్చే నడక. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు. ఇవన్నీ నావల్ల పోయాయి. పోవాల్సింది మాత్రం పోలేదు. నేను చెప్పిన లెక్క తప్పదని ఊరికి ఉన్న నమ్మకం అట్లాగే నిలిచింది. ఇన్నేళ్లూ నన్ను కిందికి గుంజిన బరువు అదే.

మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పడం సులువని కొందరంటారు. నేను తెలిసినవాళ్లకు చెప్పి వచ్చి, మీకు చెబుతున్నాను.

మాది చింతామణి దగ్గర పల్లె. ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు పొలంలోనే నేర్చుకున్నాను. ఇన్ని పురుగులకు రోజుకెంత ఆకు కావాలి, ఈ ట్యాంకు నీళ్లకు ఎంత మందు కలపాలి, ఎన్ని బుట్టల టమోటా దిగుతుంది, ఇట్లాంటివి అడగడానికి నా దగ్గరికే వచ్చేవాళ్లు. చెప్పేవాణ్ని. తప్పేది కాదు. తప్పనివాడికి ఒక జబ్బు వస్తుంది. గాలి కూడా తన లెక్క ప్రకారమే వీస్తుందనుకుంటాడు.

నా టమోటా తోటకూ నారాయణప్ప మల్బరీ తోటకూ మధ్య ఒక గట్టే అడ్డం. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. పక్కవాడి పురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే చివరిసారి పొర విడిచి, ఆబగా ఆకు తినే రోజుల్లో, గట్టుకు ఈవలివాడు పురుగుమందు కొట్టకూడదు. ఆకు మీద తుంపర పడితే పంట మొత్తం చస్తుంది. కాగితం మీద లేదు, ఎవరూ అతిక్రమించరు. నారాయణప్ప గట్టు మీద నిలబడి అడిగాడు కూడా.

"అప్పా, పురుగులు జ్వరం లేసినాయి. గూడు కట్టేదాకా మందు కొట్టొద్దు."

"కొట్టనులేప్పా. ఆ మాత్రం నాకు తెల్దా?"

మూడో రోజుకు నా తోటలో ఆకు ముడత మొదలైంది. మార్కెట్లో టమోటాకు మంచి ధర ఉంది. తెల్లవారుజామున గాలి వాళ్ల తోట నుంచి నా తోటవైపు వీస్తుంది, ఎండ ఎక్కేలోపు ముగిస్తే ఒక్క చుక్క కూడా అటు పోదు అనుకున్నాను. కొట్టాను. చివరి సాళ్లలో ఉండగా గాలి తిరిగింది. నా వీపు మీద ఉన్న గాలి ముఖానికి తగిలింది. తెలిసింది. ఆపలేదు. ఇంకా రెండే సాళ్లు కదా అనుకున్నాను. అప్పుడైనా పరుగెత్తుకుపోయి ఈ రోజు ఆకు కోయొద్దప్పా అని చెప్పి ఉంటే పంట దక్కేది. ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు. నా లెక్క తప్పిందని ఒప్పుకోవాల్సి వస్తుంది. అంతే.

మరుసటి రోజుకు పురుగులు తలలెత్తి, పచ్చగా కక్కి, ముడుచుకుపోయాయి. ఊరి బయట గుంట తవ్వి తట్టలు తెచ్చి బోర్లించారు. చూడటానికి జనం వచ్చారు. నేనూ పోయాను. పోకపోతే అనుమానం వస్తుందని.

"నువ్వేమన్నా మందు కొడితివాప్పా?" అని నారాయణప్ప అడిగాడు. గట్టిగా కాదు. ఏడ్చి ఏడ్చి గొంతు లేదు.

"లేదప్పా."

"మరి ఎందుకిట్లాయె? లెక్క తెలిసినోడివి, నువ్వే చెప్పు."

అబద్ధం అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. "షెడ్డులో మైల తగిలిందేమో చూసుకోండి" అన్నాను. నెలసరిలో ఉన్న ఆడమనిషి పురుగుల షెడ్డులోకి పోకూడదని మా వైపు పట్టింపు. దానికీ పురుగులు చావడానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అక్కడున్న తలలన్నీ ఒక్కసారిగా ఆ ఇంటి కోడలు భాగ్యమ్మ వైపు తిరిగాయి. ఆమెకు పెళ్లయి రెండేళ్లు. ఆ షెడ్డులో ఆమె చేతిని మించిన చేయి లేదు. పురుగులు ఆకు తినే చప్పుడు విని, ఏ తట్టకు ఆకలో చెప్పేది. ఆ రోజు నుంచి ఆమెను షెడ్డు గడప తొక్కనివ్వలేదు. బాగేపల్లి నుంచి ఆమె తండ్రి వచ్చి, కూతురి తరఫున తప్పయిందని అందరి ముందూ చేతులు జోడించాడు. నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

తర్వాత కొన్నేళ్లకు నా భార్య పుట్టింటివాళ్ల ద్వారా యేసు ప్రభువు దగ్గరికి వచ్చాను. బాప్తిస్మం తీసుకున్నాను. ఇక్కడే నా గడుసుతనం చూడండి. పాపాలు ఒప్పుకోమన్న ప్రతిసారీ "ప్రభువా, నా పాపాలన్నిటినీ క్షమించు" అనేవాణ్ని. అన్నిటినీ అంటే ఆ ఒక్కటీ అందులోకే వస్తుంది కదా. వివరం రాయకుండా మొత్తం మాత్రం వేసిన లెక్కల చీటీ. ఊళ్లో ఎవరైనా అట్లాంటి చీటీ తెస్తే వెనక్కి పంపేవాణ్ని. దేవుడికి మాత్రం అదే ఇస్తూ వచ్చాను.

ఈ ఏడాది ఒక ఆదివారం, చింతామణి చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు ముందు ప్రార్థన చేస్తున్నాను. పాస్టరయ్య పక్కన కూర్చుని విన్నాడు. అందరూ లేచాక అన్నాడు.

"అప్పా, ఎప్పుడు చూసినా మొత్తమే చెప్తాండావు. ఏమేమి కలిపితే ఈ మొత్తం వచ్చె?"

నవ్వుతూనే అన్నాడు. ఆ రోజు రొట్టె తీసుకోలేదు. గోడ దగ్గర మోకాళ్ల మీద పడి పేరు పెట్టి చెప్పాను. మందు కొట్టాను ప్రభువా. గాలి తిరిగింది, ఆపలేదు. కొట్టలేదన్నాను. ఒక ఆడబిడ్డ మీదికి తోశాను. ఆమె పేరు భాగ్యమ్మ. అన్నీ అయ్యాక ఏమి మిగిలిందో తెలుసా? నిశ్శబ్దం. నన్ను తిట్టని నిశ్శబ్దం. ఇంతకాలం ఎవరి కన్ను తప్పించుకు తిరిగానో ఆయన ఆ గట్టు మీద ఆ పొద్దున కూడా ఉన్నాడు, చూశాడు, చూసి కూడా నా కోసం సిలువకు పోయాడు.

నాకు ఇది అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. నా వైపు నుంచి ఏమీ కట్టకుండా బాకీ ఎట్లా తీరుతుంది? నేర్చిన లెక్కల్లో ఆ మెట్టు లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసుకున్నాను. తీరిపోయిందనే వస్తోంది. బయటికి వచ్చి, హోటల్లో కూర్చుని, రెండు రాగిముద్దలు తిన్నాను. అంత ఆకలి ఎన్నేళ్ల నుంచి దాగి ఉందో! నాలో నేనే నవ్వుకుంటుంటే వడ్డించే మనిషి వింతగా చూశాడు.

తీరిన మనిషి ఊరికే కూర్చోలేడు. ఆ సాయంత్రమే నారాయణప్ప ఇంటికి పోయాను. భాగ్యమ్మ షెడ్డు బయట ఆకు కట్టలు విప్పుతోంది. గడపదాకా ఆకు మోయడం ఆమె పని, లోపల వేయడం ఇతరుల పని.

"ఏమప్పా, మొఖం అట్లుండాది? టమోటా రేటు పడిపాయెనా?" అంది.

"అమ్మా, మీ అత్తమామల్ని పిలువు. అందరి ముందరా ఒక మాట చెప్పాల."

వాళ్లు వచ్చారు. చెప్పాను. ఏదీ కలిపి చెప్పలేదు, ఏదీ తగ్గించి చెప్పలేదు. నారాయణప్ప ముసలివాడైపోయాడు. "ఆ దినం నిన్ను అడిగితి కదరా" అన్నాడు. "అడిగితివప్పా" అన్నాను. చచ్చిన పంటకు విలువ కట్టి ఆ డబ్బు ఆయన ముందు పెట్టాను. ఆయన దాని వైపు చూడలేదు.

భాగ్యమ్మ విప్పిన ఆకు కట్టను మళ్లీ ముడివేసింది. తర్వాత మెల్లగా అంది. "నాకు ఆ దినం ఏమీ లేదని అత్తకు చెప్తి. నమ్మలే. చెప్పి చెప్పి కడాకు నాకే అనుమానం వచ్చె. నాకు తెలీకుండానే తగిలిందేమో అనుకుంటి. ఇన్నేండ్లు అట్లే అనుకుంటి."

ఈ సంగతి నాకు తెలియదు. పోయినవాటిలో దీన్ని నేను కలపలేదు.

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"నీ దేవుడు క్షమించినాడంటివి కదా. ఆయనకు తొందరగా అయిపాయె. నాకు అంత తొందరగా కాదు." లేచి కొంగు దోపుకుంది. "ముందు ఆ మాట విన్నోళ్లందరి ఇండ్లకూ పోయి, అబద్దమని చెప్పిరా. మా నాయనకు కూడా."

ఆకు కట్ట నెత్తికెత్తుకుంది. గడప దగ్గర ఆగలేదు. లోపలికి నడిచింది. వాళ్ల అత్త సగం లేచి, నా ముఖం చూసి, మళ్లీ కూర్చుంది. లోపలినుంచి అరుపు వినిపించింది. "ఈ తట్టకు ఇంత తక్కువ ఆకు ఎవరేసినారు? ఇవి తినేది చూస్తే తెల్దా మీకు?"

అంత అందమైన కేకలు నేను ఎప్పుడూ వినలేదు. ఇంటిదాకా ఏడుస్తూ, స్తోత్రం చెప్పుకుంటూ వచ్చాను.

అప్పటినుంచి ఇళ్లు తిరుగుతున్నాను. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు. ఒక ఇంట్లో "ఇన్నేండ్లకు యాడినుంచి వచ్చె నీకు నిజం?" అని ముఖం మీదే తలుపేశారు. సరే. తలుపు వేయకముందే మాట లోపలికి పోయింది. మందు లెక్క అడగడానికి ఇప్పుడు కొందరు నా దగ్గరికి రావడం లేదు. అది కూడా సరే. వస్తున్నవాళ్లకు గాలి సంగతి ముందు చెబుతున్నాను. ఆమె ఇంకా క్షమించలేదు. ఎప్పుడని నేను అడగలేదు, అడగను. అది ఆమె ఇవ్వాల్సిన బాకీ కాదు.

ఆ రోజు గుంట దగ్గర ఉన్నవాళ్లు పన్నెండు ఇళ్లవాళ్లు. పదకొండు ఇళ్లకు పోయి వచ్చాను. పేరేసంద్రకు మారిపోయిన వాళ్ల ఇంటికి రేపు పోతాను. ఆ తర్వాత బాగేపల్లి బస్సు ఎక్కాలి. చేతులు జోడించిన ఆ పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడట. ఈసారి జోడించాల్సిన చేతులు నావి.

బాకీ ఇంకా రెండు ఇళ్లు.