తలుపు ముంగట చెప్పులు

మొన్న నాందేడ్ స్టేషన్ల కొత్త రైలుకు కొబ్బరికాయ కొట్టిండ్రు. దిగెటోళ్ల కోసమని బయట సిటీబస్సులు గూడ నిలబెట్టిండ్రు. కొబ్బరినీళ్ల వాసనకు నా కాలు చెప్పులకెల్లి దానంతటదే బయటికచ్చింది.

నాకు ఆరేండ్లప్పుడు ధర్మాబాద్‌ల గిట్లనే ఒక కొత్త రైలు షురూ అయింది. నాందేడ్ దవఖాన్ల కాన్పయిన అమ్మను చూసేందుకు అవ్వా, నేనూ పోతున్నం. ఇంజనుకు పసుపు, కుంకుమ పెట్టి దండ ఏసిండ్రు.

"పూజైనదాంట్ల చెప్పులతోని ఎక్కద్దు బిడ్డా," అని అవ్వ తన చెప్పులు తలుపు ముంగట ప్లాట్‌ఫారం మీద విడిచింది, నాతోని గూడ విడిపించింది.

నాందేడ్‌ల అదే తలుపుల నుంచి దిగినం. కింద చెప్పుల్లేవు. తలుపదే, మెట్లవే, మరి చెప్పులెటు పోయినయి? వంగి రైలు కింద గూడ చూసిన.

"అవ్వా, మన చెప్పులేవి?"

"వాటికి టికెట్ దియ్యలే గద!" అని అవ్వ నవ్వింది.

బయట సిటీబస్సుకు దండ లేదు, కుంకుమ లేదు. అందుట్ల ఉత్తకాళ్లతోని ఎక్కింది మేమిద్దరమే. మా చెప్పులు మాతోని ఎందుకు రాలేదో నాకు సమజ్ గాలే.

మొన్న మళ్ల చెప్పుల్ల కాలు పెట్టుకుంటుంటే యాదికచ్చింది. నవ్వకముందు అవ్వ గూడ చెప్పుల కోసం కిందికే చూసింది. ఆమెకు గూడ అదే మొదటి రైలు.